సీసా మీద చదవని ఒక్క మాట

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలుపుపై చేసే పరిశోధనలు రైతు చేనుదాకా వస్తున్నాయా అని కొందరు అడుగుతుంటారు. వస్తున్నాయి, అయితే దారిలో ఒకటి రెండు మాటలు రాలిపోతున్నాయి, అసలు పనికివచ్చేవి అవే. ఆ నష్టం స్వయంగా అనుభవించాను కనుక వ్రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరి డెల్టా. కొన్నేళ్ల క్రితం దాళ్వాలో, అంటే రబీ పంటకు, ఊడ్పులకు మనుషులు దొరకక, దమ్ము చేసిన రెండెకరాల బురద చేలో మండె కట్టి మొలకెత్తించిన విత్తనాన్ని డ్రమ్ సీడరుతో (సాళ్లుగా విత్తే పనిముట్టు) వేయించాను. ఊడ్చిన చేలలో ఏటా వాడే ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందునే ఇసుకలో కలిపి మూడో రోజున చల్లాను. మందుల కొట్టులో అడిగితే "వరికే కదండీ, ఏం కాదు" అన్నారు. వారం తిరిగేసరికి సాళ్లలో సగం మొలకలు ఆకు విప్పుకోలేక, మెలిపడి, ములుకుల్లా నిలిచిపోయాయి. నెల తిరగకుండానే ఆ ఖాళీలన్నీ ఊద, తుంగ కలుపు ఆక్రమించాయి.

చేను చూడవచ్చిన శాస్త్రవేత్త ఒకే ప్రశ్న వేశారు: "సీసా మీద సేఫ్‌నర్ అని ఉందా?" నాటిన నారుకు అప్పటికే వయసు వచ్చి ఉంటుంది కనుక ఉత్త ప్రెటిలాక్లోర్‌ను తట్టుకుంటుంది, దమ్ములో విత్తిన లేత మొలకకు మాత్రం సేఫ్‌నర్, అంటే మందు దెబ్బ వరికి తగలకుండా కాపాడే పదార్థం, కలిసిన రకమే వాడాలి. ఇది ఏనాడో ప్రయోగాలలో తేలి, సిఫారసులలోకి ఎక్కిన విషయమే. నా సీసాతో వచ్చిన కాగితంలో మాత్రం అన్ని భాషలనూ ఇరికించి, చీమ తలకాయంత అక్షరాలతో అచ్చువేశారు. దానిని గట్టు మీద, ఎండలో, తడిచేతులతో ఎవరు చదువుతారు?

ఆయన ఒక ఊద మొక్కను, ఒక వరి మొక్కను పీకి పక్కపక్కన పట్టుకొని చూపించారు. ఆకు కాండాన్ని పట్టుకునే చోట వరికి పల్చని పొర నాలుకలా లేచి ఉంటుంది, పక్కన నూగుతో చిన్న చెవులుంటాయి. ఊదకు ఆ చోటు బోసిగా ఉంటుంది. ఆయన ఇది వివరిస్తూ ఉండగానే, పక్క సాలులో ఉన్న మా కూలి పెద్దావిడ మొదలు తడిమి ఊదను మాత్రమే లాగి గట్టున వేస్తోంది.

కలుపు మందుల ప్రయోగాలలో 20, 40 రోజులకు రెండుసార్లు చేతితో కలుపు తీసిన మడిని పక్కన పెట్టి, మందు కొట్టిన మడులను దానితో పోల్చడం పరిపాటి. సరిగ్గా ఇరవయ్యో రోజుకు అలాంటి చేతులు నాకు దొరికితే డ్రమ్ సీడరు జోలికే వెళ్లేవాణ్ణి కాదు. మందు చల్లేనాటికి పల్చగా నీరుండాలని, రెండు మూడు రోజులు దానిని కదపకూడదని కూడా అంటారు. పరిశోధనాక్షేత్రంలో నీరు చెప్పిన మాట వింటుంది. మా కాలువ చివర చేలలో నీరు వంతును బట్టి వస్తుంది, వంతు తప్పితే రాదు. నా దృష్టిలో కొత్త మందుల కోసం వెతకడంకంటే ఈ నీటి లెక్క తేల్చడమే ముఖ్యం.

ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న మా జిల్లా మార్టేరు పరిశోధనా స్థానంలో 1925 నుంచి వరి పరిశోధన జరుగుతోంది, మేము తింటున్నది అక్కడి వంగడాలనే. కనుక విశ్వవిద్యాలయాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. వంతు ఆలస్యమైన చేలో ఏ మందు ఏ రోజున వేయాలో తేల్చే ప్రయోగం ఒకటి పెట్టమంటున్నాను. అందుకు ఆ రెండెకరాలు నేనే ఇస్తాను.