పురుగుమందు కొట్టిన సాయంత్రం చూపు మసకైతే

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాపుకు 52 ఏండ్లు. మూడెకరాల పత్తి వేశాం. మందు కొట్టిన రోజు పొద్దుగూకేసరికి కండ్లు మసకగా ఉన్నాయని, లైటు వేసినా చీకటిగానే ఉందని అంటాడు. రెండు రోజులకు తగ్గుతుంది. ఊళ్లో అందరూ మోతిబిందు (కంటి శుక్లం) అంటున్నారు. ఆపరేషన్ చేయించాలా?
– ఒక సోదరి, పరకాల దగ్గర

జవాబు: మోతిబిందు మందు కొట్టిన రోజే వచ్చి రెండు రోజుల్లో పోదమ్మా. ఆపరేషన్ మాట పక్కన పెట్టి ముందు ఆ మందు డబ్బా మీద పేరు చదవండి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పేరు ఉంటే నా అనుమానం దాని మీదే.

ఈ మందులు పురుగును ఎట్లా చంపుతాయో మనిషిని కూడా అట్లనే పట్టుకుంటాయి. నరం కండరానికి కబురు పంపాక ఆ కబురును ఆపేసే ఎంజైమ్ ఒకటి మన ఒంట్లో ఉంటుంది, పేరు కోలినెస్టరేజ్. మందు దాన్ని పని చేయనివ్వదు. దాంతో కంటిపాపను ముడిచే కండరం ముడుచుకుని అట్లనే ఉండిపోతుంది, పాప ఆవగింజంత అవుతుంది, లోపలికి వెలుతురు పోదు, అందుకే లైటు వేసినా చీకటి అంటున్నాడు. చూపును దూరానికీ దగ్గరకూ సర్దే కండరం కూడా బిగుసుకుంటుంది కాబట్టి దూరంగా ఉన్నవి మసకగా కనిపిస్తాయి.

ఈసారి మందు కొట్టి వచ్చిన సాయంత్రం మీ బాపును, మీ ఇంట్లో చేనుకు పోని ఇంకొకరిని వెలుతురు తక్కువున్న వసారాలో పక్కపక్కన కూర్చోబెట్టి కంటిపాపలు చూడండి. ఆయన పాపలు చుక్కల్లా ఉండి పక్కవాళ్లవి పెద్దగా ఉంటే మందు ప్రభావమే అని దాదాపు తేలినట్టే. చెమటలు పట్టడం, నోట్లో నీళ్లూరడం, వాంతులు, ఆయాసం, కండరాలు అదరడం, వీటిలో ఏది తోడైనా పొద్దున చూద్దాం అనుకోకుండా 108 పిలవండి, డబ్బా వెంట తీసుకెళ్లండి. ఆస్పత్రిలో విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు, దానికి మందు పేరు తెలియడం చాలా ముఖ్యం.

అసలు నాకు టెన్షన్ పెడుతున్నది మీరు రాసిన ఆ 'రెండు రోజులకు తగ్గుతుంది' అన్న మాట. చూపు తేటపడితే ఒంట్లో ఎంజైమ్ తిరిగి నిండిందని కాదు, అది పూర్తిగా కోలుకోవడానికి వారాలు పడుతుంది. వారం తిరక్కముందే మళ్లీ పంపు భుజానికెత్తితే పాత దెబ్బ మీద కొత్త దెబ్బ. రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయించండి, ఆ రిపోర్టు చూసేదాకా మందు కొట్టే పని ఇంకొకరికి అప్పజెప్పండి. కూలి దండగ అంటాడేమో, అననివ్వండి. పంపు కారి వీపు మీద చొక్కా తడిసినా మందు చర్మం లోంచి లోపలికి పోతుంది, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. చొక్కా వెంటనే విప్పి సబ్బుతో స్నానం చేయాలి, మందంటిన దస్తీతో మొహం తుడుచుకోకూడదు.

మాటలో మాట, గడ్డి మందు సంగతి వేరు. పారాక్వాట్ కంట్లో పడితే మొదటి రోజు ఏదో మండినట్టుండి, తర్వాత రోజుల్లో కంటి పైపొర ఊడి ముదురుతుంది. పడ్డ వెంటనే చేనులోనే కనీసం 20 నిమిషాలు మంచినీళ్లతో కడిగి అదే రోజు కంటి డాక్టరును కలవాలి.

ప్రశ్న: వినాయక చవితి పొద్దున మా ఎనిమిదేళ్ల బాబు పత్రి తెంపుకొచ్చాడు. మధ్యాహ్నానికి ఒక కంటిపాప బాగా పెద్దదైంది. పుస్తకం అలుక్కుపోయినట్టుంది అంటున్నాడు. నొప్పి లేదు. భయంగా ఉంది.
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: ఉమ్మెత్త తెంపాడా అని అడగండి. చవితి పత్రిలో అదీ ఒకటి కదా. దాని రసం అంటిన వేలితో కన్ను నలుపుకుంటే పాప ఇట్లాగే విచ్చుకుంటుంది. ఉమ్మెత్తలో అట్రోపిన్ జాతి విషాలు ఉంటాయి, పై జవాబులో పురుగుమందుకు విరుగుడని చెప్పిన మందు కూడా అదే జాతి. కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది, అప్పటిదాకా ఎండలో టోపీ పెట్టండి, హోంవర్క్ గురించి తిట్టకండి. అయితే ఉమ్మెత్త ముట్టలేదని చెప్పినా, తలకు దెబ్బ తగిలినా, తలనొప్పి, వాంతులు ఉన్నా, రెప్ప వాలిపోయినా మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు, పెద్దాస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: ఏనుమాముల యార్డులో మిర్చి కొనే పని నాది. టీబీకి మందులు వాడబట్టి మూడు నెలలైంది. ఈ మధ్య చపాటా మిర్చి ఎరుపు పాలిపోయినట్టు కనిపిస్తోంది. పక్కవాళ్లు సరుకు బాగానే ఉందంటున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సరుకు బాగానే ఉండుంటుంది అన్నా. మీ మందుల్లో ఇథాంబ్యుటాల్ ఒకటి, మొదటి రెండు నెలల నాలుగు మందుల్లోనూ ఉంటుంది, తర్వాతి నాలుగు నెలల మూడింటిలోనూ ఉంటుంది. కొందరిలో అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, నొప్పి ఉండదు, రెండు కళ్లకూ వస్తుంది, ముందుగా ఎరుపూ ఆకుపచ్చా తేడా తగ్గుతుంది. కిడ్నీలు సరిగ్గా లేనివాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. తొందరగా పట్టుకుని ఆ ఒక్క మందు ఆపితే చాలామందికి నెలల్లో చూపు తిరిగొస్తుంది, ఆలస్యమైతే కొందరికి రాదు. మొత్తం కోర్సు మీ అంతట మీరు ఆపేయకండి, టీబీ తిరగబెడుతుంది. ఈ రోజే మీ టీబీ డాక్టరుకు ఇదే మాట చెప్పండి, అక్కడి నుంచి కంటి ఆస్పత్రికి వెళ్లి రంగుల పరీక్ష చేయించుకోండి. యార్డు పని రేపు చూసుకోవచ్చు.