ర్యాంక్డ్‌లో ఓడిపోయి ఇంట్లో అరుస్తున్నాను, ఏం చేయాలన్నా?

హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు రాశాడు. 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ జాబ్, పెళ్లయి నాలుగేళ్లు, రెండేళ్ల పాప. ఇంజనీరింగ్ హాస్టల్లో ఫ్రెండ్స్ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ (ఊరు కట్టి, సైన్యం పెంచి యుద్ధం చేసే కంప్యూటర్ గేమ్) ఆడుతుంటే వెనక నిలబడి చూడటమే తప్ప ఎప్పుడూ ఆడలేదంట. ఇప్పుడు అదే బ్యాచ్, ఒకడు డల్లాస్‌లో ఇద్దరు బెంగళూరులో, శనివారం రాత్రుళ్లు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ ఆడుతుంటే తనూ చేరాడు. టీమ్ ఓడిన ప్రతిసారీ "నీ వల్లే రా" అంటున్నారు. ఆ కసితో ఒక్కడే ర్యాంక్డ్ (గెలిస్తే పాయింట్లు పెరిగి, ఓడితే తగ్గే ఆన్‌లైన్ మ్యాచ్‌లు) మొదలుపెట్టి రెండు నెలల్లో 1000 పాయింట్ల నుంచి 720కి పడిపోయాడు. "ఎన్ని యూట్యూబ్ వీడియోలు చూసినా అవతలోడి నైట్స్ (గుర్రపు సైనికులు) వచ్చి నన్ను తొక్కేస్తున్నాయి" అంటున్నాడు. పోయిన వారం రాత్రి ఒకటిన్నరకి ఓడిపోయిన కోపంలో టేబుల్ మీద గట్టిగా గుద్దాడు, పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది, భార్య "ఆ కంప్యూటర్ అమ్మేయ్" అని చెప్పి అప్పట్నుంచి అవసరానికి తప్ప మాట్లాడట్లేదు. నాకు బుర్ర లేదా, గేమ్ మానేయాలా, ఆమెకి ఎలా అర్థమయ్యేలా చెప్పాలి అని మూడు అడిగాడు.

తమ్ముడూ, గేమ్ గురించి చాలా చెప్తాను, నేనూ ఈ గేమ్ ఆడేవాణ్ణే, నీ బాధ నాకు తెలుసు. కానీ ముందు ఇంటి సంగతి చూద్దాం.

మా మరదలికి సారీ చెప్పు, ఈ రోజే చెప్పు, చెప్పేటప్పుడు గేమ్ పేరు ఎత్తొద్దు. "వరసగా ఓడిపోయానే, ఆ చిరాకులో..." అని మొదలుపెడితే అది సారీ కాదు సాకు అవుతుంది. పాప భయపడింది, నిన్ను చూసి భయపడింది, అది తప్పు, మళ్ళీ జరగదు, అంతవరకే చెప్పి ఆగిపో. తను తిరిగి ఏమన్నా విను. "నాకేమైనా వేరే సరదా ఉందా" అని ఎదురు అడగాలనిపిస్తుంది, ఆ మాట మాత్రం నోట్లోంచి రానీయకు, ఎందుకంటే రెండేళ్ల పిల్లతో తనకి కూడా వేరే సరదా ఏమీ మిగల్లేదు.

ఇంకో సంగతి నువ్వు ఉత్తరంలో మామూలుగా రాసేశావు కానీ నా కంటికి అదే అసలు గొడవ. తను భోజనానికి పిలిస్తే "ఐదు నిమిషాలు" అంటున్నావు, ముప్పావుగంటకి వస్తున్నావు. ఈ గేమ్ మధ్యలో వదిలేసి లేచే గేమ్ కాదని నీకు తెలుసు, టీమ్ గేమ్ అయితే నువ్వు లేస్తే మిగతావాళ్లూ పోతారు, అది తెలిసి కూడా ఐదు నిమిషాలని చెప్పడం అబద్ధం కిందకే వస్తుంది, రోజూ వినేవాళ్లకి అది గేమ్ మీద కోపంగా మారుతుంది. లెక్క నేను చెప్తా చూడు. ఆన్‌లైన్‌లో గేమ్ 1.7 స్పీడ్‌లో నడుస్తుంది కాబట్టి స్క్రీన్ మీద గడియారం గంట చూపిస్తే నిజంగా గడిచింది 35 నిమిషాలే, ఒకరితో ఒకరు ఆడే మ్యాచ్ ఎక్కువసార్లు దానికంటే ముందే అయిపోతుంది, దానికి క్యూలో వెయిట్ చేసే టైం కలుపు. అంటే ఒక్క మ్యాచ్‌కి 45 నిమిషాలు అని చెప్తే దాదాపు ఎప్పుడూ మాట తప్పవు. అదే చెప్పు. "తొమ్మిదిన్నరకి కూర్చుంటా, పదింపావుకి లేస్తా" అను, లెయ్యి. టైం దాటేలా ఉంటే ఆ మ్యాచ్ మొదలే పెట్టకు. పది పన్నెండు రోజులు ఇలా నిజంగా లేచి చూపిస్తే నువ్వు ఏమీ ఎక్స్‌ప్లెయిన్ చేయక్కర్లేదు.

ఇప్పుడు బుర్ర సంగతి. బుర్ర బానే ఉంది. ర్యాంక్డ్‌కి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదట 1000 ఇస్తారు. 1000 అంటే సున్నా అనుకుంటున్నావు నువ్వు, కాదు, అది దాదాపు మధ్యలో ఉండే నంబర్, ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు కూడా చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. రెండు నెలల వాడివి వాళ్లతో తలపడ్డావు, ఓడావు, సిస్టమ్ నిన్ను కిందకి దించుతూ నీకు సమానమైనవాళ్ల దగ్గరికి తీసుకెళ్తోంది. 720లో ఈ మధ్య ఒకటి గెలిచి ఒకటి ఓడుతున్నాను అని నువ్వే రాశావు కదా, అంటే నీ చోటు దొరికింది. నీతో సమానమైనవాడి మీద గెలిస్తే దాదాపు 16 పాయింట్లు వస్తాయి, ఓడితే అంతే పోతాయి, ఇక్కడ్నుంచి ఎంత బాగా నేర్చుకున్నా సగం మ్యాచ్‌లు ఓడుతూనే ఉంటావు, ఎందుకంటే నువ్వు పెరిగిన కొద్దీ అవతల కూడా పెద్దోళ్లు వస్తారు. వైపర్, హెరా లాంటి ప్రపంచ స్థాయి ఆటగాళ్ల స్ట్రీమ్ చూడు, వాళ్లూ ఓడిపోతారు, జీజీ (గుడ్ గేమ్) అని టైప్ చేసి ఇంకో మ్యాచ్‌కి వెళ్తారు.

సరే, ఎందుకు ఓడుతున్నావు? నైట్స్ వల్ల కాదు. నువ్వు పంపిన మ్యాచ్ రికార్డింగ్ చూశాను, 22వ నిమిషంలో నైట్స్ వచ్చి తొక్కిన మాట నిజమే కానీ ఎనిమిదో నిమిషానికే ఆట చేజారింది. ఫుడ్, వుడ్ తెచ్చే పనివాడు, అంటే విలేజర్, ఒకడు తయారవడానికి 25 సెకన్లు పడుతుంది, 50 ఫుడ్ అవుతుంది, మొదటి 15 నిమిషాల్లో వాళ్లు పుట్టే నీ టౌన్ సెంటర్ (టీసీ) అన్నీ కలిపి నాలుగు నిమిషాలకి పైగా ఖాళీగా ఉంది. నాలుగు నిమిషాలంటే తొమ్మిది మంది విలేజర్లు పుట్టనే లేదు! ఒకసారి హౌస్ కట్టడం మర్చిపోయి ఆగావు, రెండుసార్లు మ్యాప్ వెతికే స్కౌట్‌ని తిప్పుతూ టీసీ వైపు చూడలేదు, ఒకసారి ఫుడ్ అయిపోయింది. అవతలోడు గొప్పోడేం కాదు, వాడు టీసీ ఆపలేదు, అంతే. నారుమడి ఎండబెట్టేసి కోతలప్పుడు దిగుబడి రాలేదని ఏడిస్తే ఎలా?

అందుకని ఒక నెల పాటు గెలుపోటములు పక్కన పెట్టి ఈ ఒక్క పనే పెట్టుకో, టౌన్ సెంటర్ ఖాళీగా ఉండకూడదు. కీబోర్డ్ మీద హెచ్ కొడితే టీసీకి వెళ్తుంది, క్యూ కొడితే విలేజర్, నువ్వేమైనా మార్చుకుని ఉంటే తప్ప ఇవే కీలు. ఫైట్ జరుగుతున్నా, గొర్రెలు వెతుకుతున్నా, అడవి పందిని లాగుతున్నా, హెచ్ క్యూ, హెచ్ క్యూ, వేళ్లకి అలవాటైపోవాలి. హౌస్ ఒకటి 25 వుడ్, ఐదుగురికి చోటు, పాపులేషన్ నిండటానికి ఇంకా రెండు మిగిలి ఉండగానే ఇంకోటి మొదలుపెట్టు.

నువ్వు ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కీ సివిలైజేషన్ (నువ్వు ఆడే జాతి) మారుస్తున్నావు, రాండమ్ పెడుతున్నావు, కొత్త వీడియో చూసిన ప్రతిసారీ కొత్త ప్లాన్ వేస్తున్నావు, అది మానెయ్. ఒక్క సివిలైజేషన్, ఒక్క ప్లాన్. నన్నడిగితే ఫ్రాంక్స్ తీసుకో, గుర్రాల దళానికి 20 శాతం హెచ్‌పీ (ప్రాణం) ఎక్కువ, ఫార్మ్ అప్‌గ్రేడ్లు ఫ్రీ, కొత్తవాళ్ల పొరపాట్లు కొంచెం కాసుకుంటుంది. 2022లో మన ద్రవిడియన్స్ కూడా వచ్చారు, అభిమానంతో వాళ్లని తీసుకోవాలనిపిస్తుంది, నాకూ ఇష్టమే, కానీ వాళ్లకి నైట్స్ లేవు, నీళ్ల మ్యాప్‌లకి బాగుంటారు, నేర్చుకునేటప్పుడు వద్దు. గేమ్‌లోనే ఆర్ట్ ఆఫ్ వార్ అని ట్రైనింగ్ మిషన్లు ఉన్నాయి, అందులో ఎర్లీ ఎకానమీ ముందు చెయ్యి, మెడల్ వచ్చేదాకా చెయ్యి. తర్వాత కంప్యూటర్‌తో ఆడు, మోడరేట్, హార్డ్, అలా ఎక్స్‌ట్రీమ్ దాకా. నైట్స్ దొరికే దశ, అంటే కాసిల్ ఏజ్‌కి, బాగా ఆడేవాళ్లు 17వ నిమిషం దగ్గర్లో వెళ్తారు, నువ్వు 20 లోపు వెళ్లు, ప్రస్తుతానికి అది చాలు. నైట్స్ అంటే భయం పోవాలంటే స్పియర్‌మెన్ (ఈటెల సైనికులు) చెయ్యి, ఒక్కోడు 35 ఫుడ్ 25 వుడ్, గోల్డ్ అక్కర్లేదు, అవతలోడు ఒక్కో నైట్‌కి 60 ఫుడ్ 75 గోల్డ్ పెడుతున్నాడు. కానీ ముందు చెప్పిన ఆ తొమ్మిది మంది విలేజర్లు లేకపోతే ఆ స్పియర్లు కూడా టైంకి రావు.

రోజుకి ఒక్క మ్యాచ్ చాలు. రెండో 45 నిమిషాలు దొరికిన రోజు కూడా రెండో మ్యాచ్ ఆడకుండా మొదటిదాని రికార్డింగ్ పెట్టి మొదటి పావుగంట చూడు, టీసీ ఎంతసేపు ఖాళీగా ఉందో ఒక కాగితం మీద రాయి. నువ్వు రాత్రి ఒకటిన్నరకి ఆడుతున్నది నేర్చుకోవడానికి కాదు, పోయిన పాయింట్లు వెనక్కి తెచ్చుకోవడానికి, ఆ టైంలో ఆడిన మ్యాచ్‌లన్నీ చూడు, ఒకదాని వెనక ఒకటి ఓటమే. ఓడిన కోపం తలకెక్కినప్పుడు ఇంకో మ్యాచ్ వెతికే బటన్ నొక్కావంటే పాయింట్లూ పోతాయి, నిద్రా పోతుంది, ఇంట్లో మర్యాదా పోతుంది. ఓడితే జీజీ కొట్టి కుర్చీలోంచి లేచి మొహం కడుక్కో, ఆ రోజుకి అయిపోయింది.

ఫ్రెండ్స్ సంగతి కూడా తేల్చుకో. హాస్టల్ రోజుల నుంచి ఆడుతున్నవాళ్లు రెండు నెలల వాణ్ణి చివర్లో నిలబెట్టి, వాడి మీద శత్రువు పడితే వాడిదే తప్పనడం న్యాయం కాదు. గ్రూప్‌లో సూటిగా చెప్పు, "నన్ను ఒక నెల పాకెట్‌లో పెట్టండ్రా, మధ్యలో ఉండి నైట్స్ చేసి మీకు పంపిస్తా" అని. అక్కడ మొదట్లోనే నీ మీదకి దాడి రావడం తక్కువ, ఎకానమీ కట్టుకోవడానికి టైం దొరుకుతుంది, టీమ్‌కీ లాభమే. నిజమైన ఫ్రెండ్స్ అయితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకుండా ఇంకా ఎగతాళి చేస్తే ఆ నెల వాళ్లతో ఆడకు, వాళ్ల దగ్గర పరువు కోసం నువ్వు ఇంట్లో పరువు పోగొట్టుకుంటున్నావు.

గేమ్ మానేయాలా అంటే, నువ్వు రాసినదాన్ని బట్టి అక్కర్లేదు. కానీ ఒకటి గమనించుకో. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, ఉద్యోగం, నిద్ర, మనుషులు అన్నీ గేమ్ తర్వాతే అనిపించడం, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఇంకా ఇంకా ఆడటం, ఇవి నెలల తరబడి ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఒక రుగ్మతగానే లెక్కేస్తుంది. నేను చెప్పినట్టు రోజుకి ఒక్క మ్యాచ్ అని పెట్టుకుని రెండు మూడు వారాలు ప్రయత్నించినా నీ వల్ల కాకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక శనివారం రాత్రి ఆట. దాన్ని ఆదివారం పొద్దున్నకి మార్చండి. మనకి పొద్దున ఆరున్నర అంటే డల్లాస్‌లో శనివారం సాయంత్రం, చలికాలంలో ఏడు, మిగతా రోజుల్లో ఎనిమిది, మీవాడికి ఇంకా హాయి, బెంగళూరు వాళ్లు కొంచెం నిద్ర త్యాగం చేస్తారు. ఎనిమిదిన్నరకల్లా అయిపోతుంది, పాప లేచే టైంకి నువ్వు ఫ్రీ, ఆ పూట పాపని నువ్వే చూసుకుంటే మరదలికి ఇంకో గంట నిద్ర దొరుకుతుంది. గ్రూప్‌లో మెసేజ్ పెట్టేముందు మాత్రం తనని అడుగు, ఆదివారం పొద్దున తనది కూడా. కుదరదంటే ఏ టైం కుదురుతుందో తననే చెప్పమను.