ఊరు తెలియని ఎముకకి ఊరు అంటగట్టకు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశానమ్మా. మీ అమలాపురం స్కూల్ బీరువాలో దొరికింది వెన్నుపూసే. గుండ్రంగా, రెండు వైపులా గిన్నెలా లోపలికి దిగి ఉంది కాబట్టి, డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికిన సరీసృపం ఇక్తియోసార్‌ది కావచ్చు. సొరచేప పూసలూ అలాగే ఉంటాయి, తొందరపడకు. తిమింగలానిది మాత్రం కాదు, దాని పూసకి రెండు ముఖాలూ దాదాపు చదునుగా ఉంటాయి.

దాన్ని కడగొద్దు. గుంటలో గట్టిపడిన ఆ బూడిదరంగు మట్టిని గీకొద్దు, వెనిగర్‌లో అసలు వెయ్యొద్దు. ఎగ్జిబిషన్‌లో మెరుస్తూ ఉండాలని నీకుంటుంది, కానీ అది ఏ నేల నుంచి వచ్చిందో చెప్పగలిగేది ఆ మట్టే. అందులో ఫొరామినిఫెరా అనే చిన్న చిన్న సముద్రజీవుల గుల్లలు ఉండొచ్చు. మైక్రోస్కోప్ కింద వాటి జాతులు గుర్తుపడితే ఆ పొర వయసు తేలుతుంది.

సముద్రం దగ్గరే కదా, ఇక్కడే దొరికుంటుందని మీ హెడ్మాస్టరుగారు అంటున్నారన్నావు. కోనసీమలో మన కాళ్ళ కింద ఉన్నది గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. దాని వయసు కొన్ని వేల ఏళ్ళే. ఇక్తియోసార్లు సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందటే అంతరించాయి. రాజమండ్రి పక్కన కాతేరులో నల్లరాతి పొరల మధ్య దొరికే గుల్లలు కూడా వాటి తర్వాతివే, సుమారు 6.5 కోట్ల ఏళ్ళవి. గోదావరి ఎగువన కోటా అనే పాత రాతిపొరల్లో బయటపడిన పెద్ద అస్థిపంజరాలంటావా, అవి నేల మీద తిరిగిన డైనోసార్లవి.

మన దేశంలో ఇక్తియోసార్ అనగానే నాకు కచ్, తిరుచిరాపల్లి ప్రాంతాలు గుర్తొస్తాయి. కచ్‌లో లోడాయ్ దగ్గర దొరికినదాని పొడవు దాదాపు 5.5 మీటర్లు, 2017లో ఆ వివరాలు ప్రచురించారు. అలాగని మన వైపును పూర్తిగా కొట్టిపారెయ్యను. పాత పశ్చిమగోదావరి జిల్లా మెరకల్లో రాఘవాపురం షేల్ అనే పలకల్లాంటి రాయి ఉంది. అది డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ నాటి సముద్రపు బురద, అమ్మోనైట్లు అనే చుట్టలు తిరిగిన గుల్లలు ఉన్న రాయి. నీ మట్టిని దానితో కూడా పోల్చి చూడాలి.

రిటైరైన ల్యాబ్ అటెండరుగారి ఇంటికి వెళ్ళి అడుగు. పాత స్టాక్ రిజిస్టర్ వెతుకు, డబ్బా అడుగున కాగితం ముక్క ఉన్నా పారెయ్యకు. ఎవరేం చెప్పినా వాళ్ళ పేరుతో సహా రాసుకో. విన్నదీ చూసిందీ కలపకు. రాలిన మట్టిని పొట్లం కట్టి, ఎముకకిచ్చిన నంబరే దానికీ వెయ్యి. రెండూ ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ వాళ్ళకి చూపిద్దాం. అప్పటిదాకా చీటీ మీద "దొరికిన చోటు తెలియదు" అనే రాయి, హెడ్మాస్టరుగారు ఎంత బతిమాలినా సరే.

రిజిస్టర్ దొరికితే ఆ పేజీ ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి.

మీ మావయ్య