స్టిక్కర్ వినైల్ పూర్తిగా తెగడం లేదన్న ప్రశ్నకు

అండీ, చేత్తో తిప్పే డై కటింగ్ మెషీన్‌లో సన్నటి సీతాకోకచిలుక డై (ఆకారం కోసే లోహపు అచ్చు) పెట్టి వినైల్ (వెనక జిగురు, కాగితం ఉండే ప్లాస్టిక్ షీట్) కోస్తే రెక్కల దగ్గర పోగుల్లా అతుక్కుంటోందని, వెనక కాగితం కూడా ఊడటం లేదని రాశారు. టెన్షన్ పడకండి, మెషీన్ పాడవలేదు.

వినైల్ కాగితంలా చటుక్కున తెగదు, సాగుతుంది. అందుకే ఒత్తిడి కాస్త పెంచాలి. ముందు ఎంబాసింగ్‌కు (ఉబ్బెత్తు డిజైన్ వేయడానికి) వాడే మెత్తటి రబ్బరు షీట్ లోపల ఉంటే తీసేయండి, అది ఒత్తిడిని మింగేస్తుంది. తర్వాత డైని, వినైల్‌ని మధ్యలో పెట్టి తిప్పే రెండు ప్లేట్లలో పైదాని మీద మామూలు ప్రింటర్ కాగితం ఒకటి వేసి తిప్పండి. చాలకపోతే రెండోది వేయండి. హ్యాండిల్ బలవంతం చేస్తేగానీ కదలకపోతే మాత్రం వెంటనే ఆపి, ఒకటి తీసేయండి. డైని కాస్త ఏటవాలుగా పెట్టండి. పొడవాటి అంచంతా ఒకేసారి రోలర్ కిందికి వెళ్తే ఒత్తిడి చాలదు. వంగిన ప్లేట్లను తిరగేసి వాడండి. డై జరగకుండా చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించండి.

ఇక కాగితం సంగతి. డై వినైల్‌తో పాటు వెనక కాగితాన్ని కూడా కోసేస్తుంది కాబట్టి, పట్టుకుని లాగడానికి అంచు మిగలదు. ముక్కను బోర్లించి, కాగితం మధ్యలో గుండుసూదితో తేలిగ్గా ఒక గీత గీయండి. అక్కడ కొంచెం వంచితే కాగితం విడుతుంది, అక్కడి నుంచి అంచుల వైపు లాగేయండి. సన్నటి మీసాల దగ్గర నెమ్మదిగా చేయాలి, నాకు అవే ఎక్కువసార్లు తెగిపోయాయి.