మంచు చిరుతను చూడబోతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

ఫిబ్రవరిలో లడాఖ్‌లోని హెమిస్ నేషనల్ పార్కుకి టికెట్లు తీశావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ పొద్దున లేహ్‌లో దిగి, ఆ మధ్యాహ్నమే పార్కులో ఉన్న రుంబాక్ ఊరికి నడుస్తానన్నావట. అలా కుదరదురా.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. మనం బెజవాడ గాలికి అలవాటు పడ్డవాళ్ళం. మొదటిసారి నేను దిగిన సాయంత్రమే హుషారుగా శాంతి స్తూపం మెట్లెక్కాను. రాత్రంతా తలలో సమ్మెట దెబ్బలు, తెల్లవార్లూ వాంతులు. అందుకే కనీసం మూడు రాత్రులు లేహ్‌లో ఊరికే పడుండు. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవచ్చా అని ముందే డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి చెప్పు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా వెంటనే కిందికి దిగిపో. అక్కడ పరువు చూసుకోకు. మన ఊళ్ళో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్ళు.

ఇక మంచు చిరుత. లడాఖీలు దాన్ని షాన్ అంటారు. దేశంలో మొత్తం 718 ఉన్నాయని 2024లో లెక్క తేల్చారు, అందులో 477 లడాఖ్‌లోనే. అయినా వెళ్ళగానే కనబడుతుందనుకోకు. నువ్వు ముందు వెతకాల్సింది అది వేటాడే భరల్ అనే అడవి గొర్రెల్ని. చెట్టూచేమా లేని ఊదారంగు, తుప్పురంగు కొండల మీద అవి కూడా రాళ్ళలాగే ఉంటాయి. వాటిని గుర్తుపట్టడానికే నాకు రెండు రోజులు పట్టింది. మేస్తున్న మంద ఒక్కసారి తలలెత్తి అంతా ఒకే వైపు చూస్తే, నువ్వూ అటే చూడు. నేను అలాగే చూశాను. గైడ్ టెలిస్కోప్ సర్ది "షాన్" అన్నాడు. నాకు రాళ్ళే కనబడ్డాయి. అరగంటకి ఒక రాయి తోక తీసి మూతికి కప్పుకుంది!

దగ్గరికి తీసుకెళ్ళమని గైడ్‌ని మాత్రం సతాయించకు.

రుంబాక్‌లో హోమ్‌స్టేలోనే ఉండు. రాత్రి వంటింట్లో బుఖారీ (చలి కాచుకునే ఇనుప పొయ్యి) పక్కన చేరి, ఇంటామెని గొర్రెల దొడ్డి గురించి అడుగు. షాన్ లోపల పడితే ఒక్క రాత్రిలో మంద మొత్తాన్ని చంపేయగలదు. అందుకే దొడ్ల పైన ఇనుప వల బిగించుకుంటున్నారు. మనం ఇచ్చే అద్దె డబ్బులే వాళ్ళకి ఆ జంతువు మీద కోపం తగ్గించాయని నా నమ్మకం.

అక్కడ మరుగుదొడ్డిలో నీళ్ళు పోయకు, పార తీసుకుని మట్టి వేయాలి. మనవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. ఆవకాయ వద్దు, నూనె పేరుకుపోయి నాకు చెంచా కూడా దిగలేదు. కందిపొడి నయం. కెమెరా బ్యాటరీలు రాత్రి దుప్పట్లో నీ ఒంటికి ఆనించి పెట్టుకో.

నా డౌన్ జాకెట్ పంపుతున్నాను. ఎడమ జేబు జిప్పు పట్టేస్తుంది, కాస్త కొవ్వొత్తి రుద్దు.

మామయ్య