అన్నయ్యకు ముందు మీరే చెప్పండి

ప్రశ్న: నా వయసు 27. తొమ్మిదేళ్ళుగా ఒక పాప్ గ్రూపులో పాడుతున్నాను. మేం నలుగురం. గ్రూపు మొదలుపెట్టింది మా అన్నయ్య. ట్యూన్లు కట్టేది, ఏ పాట ఎవరు పాడాలో చెప్పేది కూడా తనే. మిగతా ఇద్దరిలో ఒకమ్మాయి నా చిన్నప్పటి స్నేహితురాలు. మూడేళ్ళ నుంచి నేను సొంతంగా పాటలు రాసుకుంటున్నాను. రెండు పాటలు అన్నయ్యకు వినిపిస్తే, "బాగున్నాయి కానీ మన గ్రూపు స్టైల్ కాదు" అన్నాడు. మూడు నెలల క్రితం ఒక మ్యూజిక్ కంపెనీ నాకు సోలో ఆల్బమ్ ఆఫర్ ఇచ్చింది. ఈ నెలాఖరులోగా సంతకం చేయమంటున్నారు. రెండు నెలల్లో మా గ్రూపు టూర్ మొదలవుతుంది. ఒక్క అమ్మకే చెప్పాను. "నిన్ను చెయ్యిపట్టుకుని స్టేజి ఎక్కించింది వాడు, ఇప్పుడు వాణ్ణి వదిలేసి పోతావా?" అని ఏడ్చింది. రిహార్సల్లో అన్నయ్య దగ్గరికొస్తే చాలు, ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. నిద్ర పట్టడం లేదు. తొమ్మిదేళ్ళుగా పాడుతున్న పాటల్లో మాటలు మర్చిపోతున్నాను. నేను స్వార్థపరురాలినా? వెళ్ళాలా, ఉండిపోవాలా?
– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ బోర్లా పెట్టిన ఫోన్ దగ్గరే ఆగిపోయాను. వెళ్ళాలా ఉండిపోవాలా అని మీరు నన్ను అడుగుతున్నారు గానీ, ఆ నిర్ణయం మీ మనసులో ఎప్పుడో అయిపోయిందని నాకు అనిపిస్తోంది. మూడేళ్ళు కూర్చుని సొంత పాటలు రాసుకున్న మనిషి ఊరికే రాసుకోదు. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది మీరు దాస్తున్న విషయం. అన్నయ్య మొహం చూస్తూ పాడాలి, ఆ పాట కిందే ఇంకో మాట దాచుకోవాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంటే పాటలో మాటలు మర్చిపోవడంలో ఆశ్చర్యమేముంది?

స్వార్థం సంగతి. కాదమ్మా. పద్దెనిమిదేళ్ళ అమ్మాయిగా ఒక గ్రూపులో చేరారు, ఇప్పుడు ఇరవై ఏడు. ఈ తొమ్మిదేళ్ళలో మీ గొంతు మారింది, చెప్పాలనుకున్న సంగతులు మారాయి. ఇంగ్లండ్‌లో నలుగురి పాప్ గ్రూపు బీటిల్స్‌లో జార్జ్ హారిసన్‌ది ఇదే పరిస్థితి. తోటి సభ్యులు లెనన్, మెకార్ట్నీ పాటలే ఎక్కువగా ఉండే గ్రూపులో అతని పాటలకు ఆల్బమ్‌కు ఒకటో రెండో చోట్లు దొరికేవి. 1970లో గ్రూపు విడిపోయాక, అన్నాళ్ళూ పోగుపడిన పాటలతో అతను మూడు రికార్డుల ఆల్బమ్ ఒకటి తెచ్చాడు. ఆ పాటలు అతనిలో ముందు నుంచీ ఉన్నాయి, చోటే లేదు. మీ అన్నయ్య "మన స్టైల్ కాదు" అన్నది కూడా బహుశా నిజమే అయ్యుంటుంది. ఆ పాటలు చెడ్డవని ఆయన అనలేదు. వాటికి ఇక్కడ చోటు లేదన్నాడు. మీరు వేరే చోటు చూసుకుంటున్నారు.

వెళ్ళడం తప్పు కాదు. కానీ ఎలా వెళ్తున్నారన్న దాంట్లో తప్పు జరగొచ్చు. ఇది నాకు స్వయంగా తెలుసు. ఒకప్పుడు నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రం నడిపేవాళ్ళం. నేను విడిగా పని చేయాలనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నాలుగు నెలలు గడిపేశాను. ఈలోగా మూడో మనిషి ద్వారా ఆమెకు తెలిసింది. "నువ్వు వెళ్తున్నందుకు నాకు బాధ లేదు, అందరికన్నా చివర తెలిసినదాన్ని నేనైనందుకు" అంది. మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడానికి మాకు ఆరేళ్ళు పట్టింది. అందుకే మీ విషయంలో నేను తొందరపెడుతున్నాను.

పెద్ద పెద్ద గ్రూపుల్లో కూడా ఎక్కువగా గాయపడింది ఇక్కడే. ఆ బీటిల్స్‌లోనే 1969 సెప్టెంబర్‌లో జాన్ లెనన్ తాను వెళ్ళిపోతున్నానని మిగతావాళ్ళకు చెప్పాడు. బయటికి పొక్కకుండా అందరూ ఊరుకున్నారు. 1970 ఏప్రిల్‌లో పాల్ మెకార్ట్నీ తన సోలో ఆల్బమ్‌తో పాటు పత్రికలకిచ్చిన ప్రశ్నలు జవాబుల కాగితంతో విషయం పేపర్లకెక్కింది. లెనన్‌కు ఒళ్ళు మండింది. అదే ఏడాది డిసెంబర్ 31న మెకార్ట్నీ భాగస్వామ్యం రద్దు చేయమని మిగతా ముగ్గురి మీద కోర్టుకెక్కాడు. ఏళ్ళ తరబడి కలిసి పాడినవాళ్ళు లాయర్ల ద్వారా మాట్లాడుకోవాల్సి వచ్చింది. మీది అంత పెద్ద గ్రూపు కాకపోవచ్చు. కానీ కంపెనీలో ఒక అసిస్టెంటు, స్టూడియోలో ఒక సౌండ్ ఇంజనీరు నోరు జారితే చాలు. మూడు నెలలు ఎవరూ జారకపోవడమే మీ అదృష్టం.

కాబట్టి ఈ వారంలోనే చెప్పండి. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే. సంతకం అయ్యాక చెబితే అది సమాచారం ఇవ్వడం అవుతుంది. ముందు చెబితే ఆయనకు మీరిచ్చే గౌరవం అవుతుంది. రిహార్సల్లో చెప్పకండి. అక్కడ ఆయన గ్రూపు లీడరు, మిగతావాళ్ళ ముందు మొహం నిలబెట్టుకోవాల్సిన మనిషి. షో అయిపోయిన రాత్రి అసలే వద్దు. అలసట మీద మాటలు పదునుగా వస్తాయి. మీరిద్దరే ఉన్నప్పుడు, ఇద్దరికీ మరో పని లేనప్పుడు చెప్పండి. మెసేజ్ పెట్టి తప్పించుకుందామని అనిపిస్తుంది. వద్దు.

మొదటి వాక్యంలోనే విషయం రావాలి. "అన్నయ్యా, నాకు సోలో ఆల్బమ్ ఆఫర్ వచ్చింది, నేను చేయాలనుకుంటున్నాను. మూడు నెలలుగా నీకు చెప్పలేకపోయాను, అది నా తప్పు." ఇంతే. ముందు వాతావరణం గురించీ, టూర్ గురించీ పావుగంట మాట్లాడి మెల్లగా అక్కడికి తేవద్దు. ఆయన మీ అన్నయ్య, మీ గొంతులో తేడా రెండో మాటకే పట్టేస్తాడు. "వెళ్ళనా?" అని అడగొద్దు కూడా. అడిగితే కాదనే హక్కు ఇచ్చినట్టు. ఆయన కాదంటే మీరు వినరు. అప్పుడు దెబ్బ రెండింతలవుతుంది. ఆ తిరస్కరించిన రెండు పాటలనూ సాక్ష్యంగా బయటికి తీయకండి. అవి తీశారంటే మాట మీ నిర్ణయం మీద నుంచి ఆయన తప్పుల మీదికి పోతుంది, ఇక వెనక్కి రాదు.

ఆయన కోప్పడతాడు. "నిన్ను తయారుచేసింది నేను" అనొచ్చు. ఆ మాటకు ఎదురు చెప్పాలనిపిస్తుంది. కానీ అందులో నిజం ఉంది కదా. "అవును, నువ్వు లేకపోతే నేను మైకు పట్టుకునేదాన్నే కాదు" అని ఒప్పుకోండి. ఒప్పుకున్నంత మాత్రాన మీ నిర్ణయం మారాల్సిన పని లేదు. రుణం వేరు, కట్టుబానిసత్వం వేరు. ఆ రోజే ఆయన సరేనంటాడని ఆశపెట్టుకోకండి. మీరు మూడు నెలలు తీసుకున్నారు, ఆయనకూ కొన్ని వారాలు కావాలి. లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి.

టూర్ మాత్రం పూర్తి చేయండి. ఈ విషయంలో నేను బేరానికి రాను. 1998 మేలో జెరి హాలివెల్, ఐదుగురు అమ్మాయిల బ్రిటిష్ గ్రూపు స్పైస్ గర్ల్స్ నుంచి ప్రపంచ పర్యటన మధ్యలో వెళ్ళిపోయింది. మిగతా నలుగురూ ఆమె భాగం కూడా సర్దుకుని టూర్ నడిపించారు. మళ్ళీ ఐదుగురూ ఒకే స్టేజి మీద టూర్ చేయడానికి 2007 దాకా పట్టింది. మీ టికెట్లు అమ్ముడయ్యాయి, మీ వంతు పాటలు ఇంకొకరు నేర్చుకోవాలంటే టైం లేదు. కొత్త కంపెనీకి నిజంగా మీ గొంతు కావాలంటే టూర్ అయ్యేదాకా ఆగుతుంది. ఆగనంటే, ఆ కంపెనీ గురించి మీకు ఒక సంగతి ముందే తెలిసినట్టు.

అసలు పూర్తిగా వదిలేయాల్సిందేనా అని కూడా ఆలోచించారా? అమెరికా అమ్మాయిల గ్రూపు డెస్టినీస్ చైల్డ్‌లో ముగ్గురూ 2002, 2003ల్లో ఎవరి సోలో ఆల్బమ్ వాళ్ళు చేసుకున్నారు. 2004లో మళ్ళీ కలిసి ఒక ఆల్బమ్ ఇచ్చారు, ఆ తర్వాతే, 2005లో, ఇక ఎవరి దారి వాళ్ళదని ప్రకటించారు. కొరియా గ్రూపు బ్లాక్‌పింక్ అమ్మాయిలు 2023 చివర్లో గ్రూపు పనికి పాత కంపెనీతోనే కాంట్రాక్టు పొడిగించుకుని, విడి పనులు మాత్రం వేరుగా పెట్టుకున్నారు. ఇలాంటి ఏర్పాటు సాధ్యమే. అయితే ఒక్క మాట. మనసులో లేకుండా, అన్నయ్య ఏడుపు ఆపడానికి మాత్రం "అప్పుడప్పుడూ వచ్చి పాడతాలే" అనకండి. ఆయన ఆ మాట పట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తాడు.

ఇక కాగితాల సంగతి. నేను లాయర్ని కాదు. కానీ డబ్బు తగాదా ముదిరి అన్నాచెల్లెళ్ళ తగాదా కావడం చాలాసార్లు చూశాను. సంతకానికి ముందు సంగీతం కాంట్రాక్టులు తెలిసిన లాయర్ని పెట్టుకోండి. కంపెనీ లాయర్ వద్దు, అన్నయ్య లాయర్ వద్దు, మీ సొంత లాయర్. మీ పాత గ్రూపు కాంట్రాక్టును ముందు చూపించండి. గ్రూపు నుంచి బయటికి వెళ్ళే సభ్యుల సోలో పాటల మీద మొదటి హక్కు పాత కంపెనీదే అని చాలా గ్రూపు కాంట్రాక్టుల్లో ఒక షరతు ఉంటుంది. అది ఉంటే ఈ కొత్త ఆఫర్ మీద మీరొక్కరే సంతకం చేయడానికి వీలుండదు. గ్రూపు తీసుకున్న అడ్వాన్స్ ఇంకా తీరకపోతే, ఆ బాకీ మీ సోలో సంపాదనలోంచి కోసుకునే వీలుందో లేదో అడగండి. గ్రూపు పాటలను మీరు మళ్ళీ రికార్డు చేయకుండా కొన్నేళ్ళ నిషేధం ఉండొచ్చు, అదీ చూడమనండి. పాత పాటల రాయల్టీలో మీ వాటా మీరు వెళ్ళాక కూడా ఎలా వస్తుందో రాతలో ఉండాలి.

గ్రూపు పేరు ఎవరి పేరు మీద రిజిస్టరయిందో మీకు తెలుసా? అమెరికాలో అన్నదమ్ముల గ్రూపు జాక్సన్ 5 సోదరులు 1975లో తమ పాత కంపెనీని వదిలినప్పుడు ఆ పేరు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. వాళ్ళు ది జాక్సన్స్ అని పేరు మార్చుకోవాల్సి వచ్చింది. ఐదుగురిలో జెర్మైన్ ఒక్కడు ఆ కంపెనీలోనే ఉండిపోయాడు, దాన్ని స్థాపించింది అతని మామగారే. అన్నదమ్ములు ఒకవైపు, అత్తవారిల్లు ఒకవైపు. అతని బాధ ఊహించుకోగలను. 1984లో అతను మళ్ళీ సోదరులందరితో కలిసి ఆల్బమ్ చేశాడు. మీ విషయంలో, గ్రూపు పేరు అన్నయ్యదే అని మీరే ముందుగా రాసిచ్చేయండి. మీ ప్రచారంలో గ్రూపు పేరు ఎంతవరకు వాడుకోవచ్చో ఆయన్నే అడగండి. ఆ ఒక్క పనితో ఆయన భయం సగం తగ్గుతుంది.

అమ్మ మాట. ఆమె ఏడ్చింది మీ పాట గురించి కాదు, పిల్లలిద్దరూ ఎడమొహం పెడమొహం అవుతారని. ఆమె మోస్తున్న రహస్యం కూడా మీరు పెట్టిందే. అన్నయ్యకు చెప్పేస్తే ఆమె బరువూ దిగుతుంది. ఆమె చేత మాత్రం రాయబారం నడిపించకండి. ఎవరి మాట ఎవరికి మోసినా చివరికి తిట్లు ఆమెకే.

చెప్పాక రెండు మూడు వారాలైనా నిద్ర రాకపోతే డాక్టర్ని కలవండి, నాన్చకండి. ఇంకో దానికి కూడా సిద్ధపడాలి. నలుగురిలో పాడేటప్పుడు మీ లైను అయిపోగానే ఇంకొకరు అందుకుంటారు, ఆ నాలుగు క్షణాల్లో మీరు గుక్క తిప్పుకుంటారు. సోలోలో ఆ గుక్క తిప్పుకునే చోటు ఉండదు. గంటన్నర షోను ఒక్క గొంతు మీద మోయడం వేరే విద్య, దానికి ఇప్పటి నుంచే మంచి కోచ్ దగ్గర సాధన మొదలుపెట్టండి. హాలు నిండకపోవచ్చు కూడా. బ్రిటిష్ అబ్బాయిల గ్రూపు టేక్ దట్ నుంచి 1995లో బయటికొచ్చిన రాబీ విలియమ్స్ మొదటి ఆల్బమ్ 1997లో వచ్చినప్పుడు మొదట్లో మందకొడిగానే అమ్ముడైంది, ఆ ఏడాది చివర్లో ఒక పాట పట్టుకున్నాకే ఊపందుకుంది. 2010లో అతను మళ్ళీ పాత మిత్రులతో చేరి పాడాడు. ఆ మధ్య పదిహేనేళ్ళలో వాళ్ళు ఒకరినొకరు అన్న మాటలు తక్కువేం కాదు.

చివరగా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన మనిషి గురించి. మీ చిన్నప్పటి స్నేహితురాలు. తొమ్మిదేళ్ళుగా స్టేజి మీద మీ చెవిలో ఇయర్‌ఫోన్‌లో మీ గొంతు కింద వినిపిస్తున్నది ఆమె గొంతే. ఆమెకు మీ అన్నయ్య నోటి నుంచి తెలియనివ్వకండి. ఆయనకు చెప్పిన రోజే సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్ళండి, నాలుగో సభ్యుడికీ ఆ రాత్రి లోపు మీరే చెప్పండి. ఆమె మిమ్మల్ని తిట్టదేమో. "మరి నేనేం చేయాలి?" అని అడుగుతుంది. గ్రూపు ఉంటుందో ఉండదో, తన ఇల్లు ఎలా గడుస్తుందో ఆమెకు తెలియదు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు, లేదనే చెప్పండి. టూర్‌లో ఆఖరి షో ఆఖరి పాట దాకా పక్కనే ఉంటానని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోవడం మీ చేతిలో ఉంది.