రంగుల ట్యునీషియన్ దుప్పటి చుట్టుకుపోతోందా?

జయపురం నుంచి అడిగిన అక్కా, మీరు ట్యునీషియన్ క్రోషేలో (వరస లూపులన్నీ పొడవాటి హుక్కు మీద ఎత్తి నిలిపి, తిరిగొస్తూ దింపే అల్లిక) అల్లుతున్న దుప్పటి అడుగున చాపలా చుట్టుకుపోవడానికీ, రంగు మార్చినచోటల్లా కుడి అంచున పాత రంగు చుక్క కనబడడానికీ కారణాలు వేరువేరు.

ముందు చుక్క సంగతి. తిరుగు వరస, అంటే లూపులు దింపుతూ వెనక్కొచ్చే వరస, పూర్తిగా ముగించాక కొత్త ఊలు కలిపితే, హుక్కు మీద మిగిలే లూపు పాత రంగుదే. పై వరసకి మొదటి కుట్టు అదే అవుతుంది. అందుకని తిరుగు వరసలో రెండు లూపులు మిగలగానే పాత ఊలు వదిలేసి, కొత్తది హుక్కుకి చుట్టి ఆ రెండింటిలోంచి లాగండి. రెండేసి వరసల చారలైతే ఊలు తెంచక్కర్లేదు, అంచు వెంబడే వదులుగా పైకి తీసుకెళ్లండి.

చుట్టుకోవడం సింపుల్ స్టిచ్ (ఈ అల్లికలో మామూలు కుట్టు) స్వభావమే, చేయి బిగిస్తే ఇంకా ఎక్కువవుతుంది. మామూలు క్రోషేలో 4 మిల్లీమీటర్ల హుక్కు పట్టే ఊలుకి ఇక్కడ 5.5 గానీ 6 గానీ వాడండి. కొత్తగా మొదలుపెడితే మొదటి వరస లూపులు అడుగు చెయిన్ వెనకవైపు బొడిపెల్లోంచి ఎత్తి, ఆపైన రెండు మూడు వరసలు పర్ల్ (ఊలు ముందువైపు ఉంచి వేసే కుట్టు) వేయండి.

ఇప్పటికి అల్లింది మాత్రం విప్పొద్దు. పూర్తయ్యాక చుట్టూ సింగిల్ క్రోషే (మామూలు క్రోషేలో పొట్టి కుట్టు) అంచు వేసి, తడిపి, పిన్నులు గుచ్చి పరచండి. మీ కోరాపుట్ జిల్లా చలికి ఆరడం ఆలస్యమవుతుంది. అలాగని ఇస్త్రీపెట్టె ఆనించకండి, అక్రిలిక్ ఊలు వేడికి సాగి జావగారిపోతుంది, మళ్లీ మామూలుగా అవదు.